మాటకు మాట సాయము

నిఘంటువును తెరచి ఒక మాటకు అర్థము చూచుకొని, మరల మూసివేయుట మనకందరకు అలవాటే. ఆ అర్థము ఆ పుటలోనికి ఎట్లు వచ్చినదో, దానిని ఎవరు అడిగిరో, ఎవరు చెప్పిరో మనము సాధారణముగా విచారింపము. అట్టమీద ఒకరిద్దరి పేర్లు మాత్రమే యుండును. కాని ఏ నిఘంటువును ఒక్కరు గదిలో కూర్చుండి వ్రాసినది కాదు. దాని వెనుక వందలకొలది ప్రశ్నలును, వానికి వచ్చిన సమాధానములును ఉన్నవి. భాషాపరిశోధన చరిత్ర ఒక విధముగా ఈ ప్రశ్నోత్తరముల చరిత్రయే. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లను దృష్టిలో నుంచుకొని ఆ చరిత్రను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఈ మూడు ఊళ్లనే ఏల ఎన్నుకొంటి మనిన, ఇవి తెలుగుసీమకు నైరుతి వాకిళ్లు. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల భాగములను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచిరి. పుంగనూరు ఒక జమీందారీకి ముఖ్యపట్టణము. కుప్పము కంగుంది జమీందారీలోనిది. 1960లో తమిళనాటితో సరిహద్దు సర్దుబాటు జరిగెను. 2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు హద్దులు మరల కదలినవి. పటములో గీతలు ఎన్నిమారులు మారినను, సంతకు వచ్చువారి నాలుకలు మారలేదు. పుంగనూరుకు పడమట కన్నడ దేశపు కోలారు సీమ కలదు. కుప్పమునకు ఒక ప్రక్క కోలారు, మరియొక ప్రక్క కృష్ణగిరి. అచ్చట కూరగాయలమ్ము అవ్వ మూడు భాషలలో బేరమాడగలదు. అది పాండిత్యమని ఆమె యనుకొనదు, బ్రతుకుతెరువే యనుకొనును.

ఈ సీమవారి నిత్యాహారమునే చూడుడు. రాగిపిండితో వండిన ముద్దను తెలుగువారు సంగటి యందురు. హద్దు దాటి కోలారు వైపు పోయినచో అదియే ముద్దె. కృష్ణగిరి వైపు దిగినచో అదియే కళి. ఇక ఆ ధాన్యము పేరు తెలుగులోనే ఒకటి కాదు. రాయలసీమలో రాగులు, తెలంగాణమున తైదలు, ఉత్తరాంధ్రమున చోళ్లు. రాగి యను మాట కన్నడమునకును మనకును ఉమ్మడి. తమిళుల కేళ్వరగు వేరు. ఒక్క ధాన్యమునకు ఇన్ని పేర్లు ఎట్లు కలిగినవి? ఏ పేరు ఎచ్చటినుండి ఎచ్చటికి నడచినది? మదనపల్లెలో కూర్చుండి తెలుగు గ్రంథములను మాత్రమే తిరుగవేయువాడు దీనికి సమాధానము చెప్పజాలడు. శ్రీకాకుళమువానిని, కరీంనగరమువానిని, కోలారువానిని, ధర్మపురివానిని అడుగవలెను.

మరియొక మాట. ఎద్దులను కట్టి తోలుబానతో బావినుండి నీరు తోడు సాధనమును మన తెలంగాణమున మోట యందురు. రాయలసీమలో దానిని కపిల యందురు. మోట యను మాటకు చుట్టము మరాఠీలోని మోట్. కపిల యను మాటకు చుట్టములు కన్నడమున కపిలె, తమిళమున కవలై. ఒకే పనికి వాడు ఒకే సాధనము. దాని పేరు ఒకచోట ఉత్తరమునకు చూచుచున్నది, మరియొకచోట దక్షిణమునకు చూచుచున్నది. ఈ సంగతి మరాఠీ తెలిసినవాడు ఒకడు, తమిళము తెలిసినవాడు ఒకడు సాయపడిననే కాని తెలుగు పండితునకు తెలియదు. మాటల విషయమున ఇరుగుపొరుగులను అడుగుట మర్యాద కొరకు కాదు. అది పరిశోధనకు ప్రాణము.

ఈ అడుగుట మనదేశమున శాస్త్రముగా ఎప్పుడు మొదలయ్యెనో చూతము. 1812లో మదరాసులోని సెయింట్ జార్జి కోటలో ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు ఒక కళాశాల వెలసెను. దానికి మూలపురుషుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో ఎ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణమును ప్రకటించినప్పుడు, ఎల్లిస్ దానికి ముందు ఒక వ్యాసము చేర్చెను. తెలుగు, తమిళము, కన్నడము సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి తమలో తాము ఒక కుటుంబమనియు ఆ వ్యాసమున ఆయన నిరూపించెను. రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము 1856లో వెలువడెను. అనగా దానికి నలువది సంవత్సరములకు ముందే ఈ మాట అచ్చులో నున్నది.

ఎల్లిస్‌కు ఆ నిరూపణకు కావలసిన సామగ్రి ఎవరిచ్చిరి? ఆ కళాశాలలో ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువులను పట్టికగా కూర్చి యుంచెను. మచిలీపట్టణపు వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక యను నిఘంటువును రచించి యుండెను. ఎల్లిస్ వీనిని ఆధారముగా గైకొని, తెలుగు ధాతువుల ప్రక్కన తమిళ, కన్నడ ధాతువులను వరుసలుగా నిలిపి చూపెను. ఒక ఉద్యోగి అడిగెను. ఒక పండితుడు, ఒక వర్తకుడు సమకూర్చిన దానిలో సమాధానము దొరకెను. ద్రావిడభాషాకుటుంబమును గూర్చి చెప్పునప్పుడు కాల్డ్వెల్ పేరు అందరకు తెలియును; ఎల్లిస్ పేరు కొందరకు తెలియును; పట్టాభిరామశాస్త్రి పేరు తెలిసినవారు ఎందరు?

తరువాత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. మదనపల్లె నాడు ఆ జిల్లాలోనిదే యని ముందే చెప్పితిమి. బ్రౌన్ కడపలో ఒక బంగళా కొని, అందు పండితులను, వ్రాయసగాండ్రను తన సొంత ఖర్చుతో పోషించి, ఊరూర నున్న తాళపత్రములను తెప్పించి, ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగువారు ఆ కొలువులో పనిచేసిరి. వేమన పద్యములను 1829లో ప్రకటించుటకు ముందు ఆయన ఎన్నో ప్రతులను సేకరించి పోల్చి చూచెను. సెలవుమీద లండనుకు పోయినప్పుడు కూడ ఆయన ఊరకుండలేదు. ఈస్టిండియా కంపెనీవారి గ్రంథాలయములో పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, వానిని మదరాసుకు పంపుడని కోరి పంపించెను. మదరాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునకు ఆధారమైన సంచయములలో మెకంజీ, లేడెన్ సంచయములతోపాటు బ్రౌన్ సంచయమును ఒకటి.

1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నేటికిని మనకు చేదోడుగా నున్నది. 1903లో దాని రెండవ ముద్రణను సవరించినవారు ముగ్గురు: ఎమ్. వెంకటరత్నము, డబ్ల్యు. హెచ్. కాంబెల్, కందుకూరి వీరేశలింగము. తొలి కూర్పరి గతించిన తరువాత కూడ పని చేతులు మారుచు సాగినది. నిఘంటువు ఒకరు కట్టిన యిల్లు కాదు. తరతరములవారు మరమ్మతు చేయుచు వచ్చిన చెరువుకట్ట వంటిది.

అడుగుటవలన కలుగు ఫలము ఇట్టిది కాగా, అడుగకపోవుటవలన కలిగిన నష్టమునకు కూడ ఒక నిదర్శనము కలదు. జార్జి గ్రియర్సన్ నాయకత్వమున భారతదేశ భాషల సర్వేక్షణ సంపుటములు 1903 మొదలు 1928 వరకు వెలువడినవి. తప్పిపోయిన కుమారుని కథను దేశమున ప్రతి మాండలికములోనికి మార్పించి పంపుడని జిల్లా అధికారులకు లేఖలు పోయినవి. అంత పెద్ద పరిశ్రమలో మదరాసు రాజధానికిని, హైదరాబాదు, మైసూరు సంస్థానములకును చోటు లేకపోయెను. 1906లో స్టెన్ కోనో సిద్ధపరచిన నాలుగవ సంపుటమున ద్రావిడభాషలు చేరినవి. కాని అందలి తెలుగు మాండలికముల నమూనాలు చాలవరకు బొంబాయి, మధ్యపరగణాల వంటి చోట్లకు వలసపోయిన తెలుగువారి నోటినుండి వచ్చినవి. మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను నాడు జనులు ఎట్లు మాటాడుచుండిరో ఆ సంపుటములు చెప్పలేవు. ప్రశ్న వారి గడపకు రాలేదు. కావున సమాధానము గ్రంథములోనికి పోలేదు. తరువాత గ్రియర్సన్ పూనికతో జరిగిన గ్రామఫోను ముద్రణలలో మదరాసు రాజధాని భాషలకును చోటు దొరకెను. ఆ కంఠములను నేడు షికాగో విశ్వవిద్యాలయమువారి అంతర్జాల గ్రంథాలయములో వినవచ్చును.

అడుగుట, తోడుపడుట అనునవి ఎంత సహజముగా జరుగగలవో మదనపల్లెయే ఒకమారు చూపెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ ఊరి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చెను. అప్పుడచ్చట ఐర్లండు దేశపు కవి జేమ్స్ కజిన్స్ అధ్యక్షుడు. 1911లో కలకత్తాలో మొదట పాడబడిన జనగణమన గీతమును కవి అచ్చట విద్యార్థులకు పాడి వినిపించెను. అచ్చటనే దానిని ఆంగ్లములోనికి మార్చెను. సంగీతము తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ గీతపు స్వరములను వ్రాతలో పెట్టుటకు సాయపడెను. వంగభాషలోని పాట తెలుగునేలమీద ఆంగ్లములోనికి మారెను. ఒక ఐరిష్ గృహిణి చెవి దాని బాణీని నిలిపెను. అంత మహాకవికిని తోడు అక్కర లేకపోలేదు.

ఇట్టి తోడు పండితుల నడుమనే జరుగవలెనను నియమము లేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్వదలచినప్పుడు, దానికి వ్యాకరణము లేదు, లిపి లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట నుంచుకొని, మాట వెంట మాట అడిగి, విని, వ్రాసికొనిరి. 1931లో ఆ భాషను గూర్చిన గ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. పుస్తకములు లేని భాషకు మనుష్యులే పుస్తకములు.

ఇక దూరదేశముల పండితులు ఒకరికొకరు ఎట్లు తోడ్పడుదురో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చరిత్ర తెలుపును. థామస్ బరో ఆక్స్‌ఫర్డులోను, ముర్రే ఎమెనో కాలిఫోర్నియాలోని బర్క్లీలోను ఉండిరి. ఇరువురకు నడుమ ఒక మహాసముద్రము, ఒక ఖండము. అయినను ఇరువురు కలిసి 1961లో ఆ నిఘంటువును ప్రకటించిరి. 1968లో అనుబంధమును, 1984లో సవరించిన కూర్పును వెలువరించిరి. ఆ రెండవ కూర్పులో 5,500కు పైబడి ఆరోపములు కలవు. ఒక్కొక్క ఆరోపములో తమిళమునుండి ఉత్తరమున బ్రాహుయీ వరకు చుట్టరికముగల మాటలు వరుసగా నిలిచియుండును.

మన ఏరువాక యను మాటనే తీసికొనుడు. జ్యేష్ఠ పూర్ణిమనాడు కాపులు తొలిదుక్కి దున్ను పండుగ అది. అందలి ఏరు అనగా నాగలియని నేడు చాలమందికి తోచదు, నదియని భ్రమింతురు. తమిళమున నాగలిని ఏర్ అందురని తెలిసినవెంటనే ముడి వీడును. తెలుగువాడు మరచిన అర్థమును తమిళుడు దాచియుంచెను.

ఆ నిఘంటువులో మేము మిక్కిలి మెచ్చుకొను గుణము వేరొకటి కలదు. ఏ మాట ఎవరివలన తెలిసినదో, ప్రక్కన కుండలీకరణములో పొడి అక్షరములతో చూపిరి. హైదరాబాదు రాజ్యమున ఉద్యోగిగా నుండిన సేతుమాధవరావు 1950లో కొలామీ భాషకు ఒక చిన్న వ్యాకరణము వ్రాసెను. ఆయననుండి గైకొన్న ప్రతి కొలామీ మాట ప్రక్కన ఆయన పేరి పొడి అక్షరములు ఉన్నవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండ భాషనుండి సేకరించిన మాటలును అట్లే అందు చేరినవి. మాట ఇచ్చినవాని గుర్తు మాట ప్రక్కనే నిలుచుట న్యాయము. పట్టాభిరామశాస్త్రికి దొరకని న్యాయము సేతుమాధవరావుకు దొరకెను.

కృష్ణమూర్తిగారే సంపాదకులుగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించెను. అది వ్యవసాయపదముల సంపుటము. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చెను. జిల్లాలన్నిటిలో పల్లెలకు మనుష్యులను పంపి, కాపును, సాలెవానిని అడిగి వ్రాసికొన్న మాటలవి. అంతకు పూర్వము నిఘంటుకర్తలు కావ్యమును అడుగుచుండిరి. వీరు మడకపట్టిన చేతిని అడిగిరి. మడక యని ఊరక చెప్పలేదు. రాయలసీమ కాపునకు నాగలి అనగా తెలియకపోదు గాని, ఇంటిమాట మడకయే.

ఈ చిక్కు మా రేడియోవారికి నిత్యానుభవము. రైతుల కార్యక్రమమునకు ప్రసంగము సిద్ధపరచునప్పుడు నాగలి యనవలెనా, మడక యనవలెనా, అరక యనవలెనా? గ్రంథమునందలి మాట అందరకు తెలియును గాని ఎవరికిని తమదిగా తోచదు. ఊరిమాట ఒకరికి అమృతము, మరియొకరికి అపరిచితము. దీనిని తీర్చునది శ్రోతలనుండి వచ్చు సమాధానమే.

తులనాత్మక పరిశోధన అంతయు హద్దుల చుట్టును తిరుగునది గనుక, హద్దుమీదనే ఒక విద్యాపీఠ ముండుట సముచితము. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఆంధ్రప్రదేశమునకు తోడుగా తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వములును దానికి చేయూత నొసగినవి. దాని రూపకల్పనలో ముఖ్యులు వి. ఐ. సుబ్రహ్మణ్యముగారు. వారు తిరువనంతపురమున ద్రావిడభాషాశాస్త్ర సంఘమును నిర్మించి, తంజావూరు తమిళ విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులుగా నుండినవారు. నాలుగు భాషల ఆచార్యులు ఒక ప్రాంగణమున నున్నచో, ఎల్లిస్ మదరాసులో చేసినట్లు వరుసలు గీసి పోల్చుటకు ఉత్తరముల కొరకు ఎదురుచూడ పనిలేదు. తలుపు దాటి అడిగిన చాలును. ప్రాంగణము దాటినచో ఆ మూడు భాషలు మాటాడు సంత యుండనే యున్నది.

పుంగనూరు పేరు చెప్పినంతనే అందరకు ఆ పొట్టి ఆవు జ్ఞప్తికి వచ్చును. మీటరు ఎత్తునకు మించని ఆ జాతి అంతరించునను భయము కలిగినప్పుడు, పలమనేరులోని పశుపరిశోధన కేంద్రము దానిని కాపాడుటకు పూనుకొనెను. పశువు కన్పించునది గనుక దాని కొరత కూడ కన్పించును, లెక్కకు అందును. కాని మాట కన్పించదు. పెయ్య, కోడె, సూడి ఆవు, ఒట్టిపోయిన ఆవు అని కాపు వాడు మాటలలో ఎన్ని మన పిల్లల నాలుకమీద మిగిలినవి? కపిల పోయి విద్యుత్తు పంపు వచ్చెను. కపిలతో దాని భాగముల పేర్లును పోయినవి. పట్టుపురుగులు గూళ్లు కట్టుటకు వాడు వెదురు చంద్రికల స్థానమున ప్లాస్టిక్ నేత్రికలు వచ్చుచున్నవి. ఇది ఎవరి తప్పును కాదు. పనిముట్టు మారినప్పుడు మాట మారక తప్పదు. పోవు మాటను పోవుటకు ముందు ఒకమారు అడిగి వ్రాసికొనమైతిమా యనునదే ప్రశ్న. కపిల తోలిన చేతులు నేడు వృద్ధుల చేతులు. వారిని అడుగుటకు మనకున్న గడువు గ్రంథాలయపు గడువు వంటిది కాదు.

నేడు ప్రశ్న పంపుట మిక్కిలి సులభము. బ్రౌన్ నిఘంటువును, ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును అంతర్జాలములో ఎవరైనను ఉచితముగా వెదకి చూడవచ్చును. కుప్పములోని విద్యార్థి ఒక మాటను గూర్చి సందేహము వ్రాసినచో, అది క్షణములో ఆక్స్‌ఫర్డునకును అందును, హైదరాబాదునకును అందును. బరో, ఎమెనోలు ఓడ టపాకు ఎదురుచూచిన దినములు గతించినవి. అయితే వేగము సమాధానమునకు బదులు కాదు. ప్రశ్న సరిగా నుండవలెను. మీ ఊరిలో నాగలిని ఏమందురని అడిగినచో, పెద్దమనిషి మర్యాదకు నాగలి యనియే చెప్పును; మన మాటనే మనకు తిరిగి యిచ్చును. మడకను చూపి, ఇది యేమి తాతా యని అడిగినచో తన మాట చెప్పును. చెప్పినది ఏ ఊరివారో, ఏ వృత్తివారో, ఏ వయసువారో వ్రాసికొనవలెను. వారు సమ్మతించినచో పేరును వ్రాసికొనవలెను. కంఠమును కూడ ముద్రించి యుంచినచో మరింత మేలు. అక్షరమునకు అందని యాస కొంత ఎల్లప్పుడును మిగిలియుండును. అన్నిటికంటె ముఖ్యముగా, తీసికొన్నవాడు తిరిగి యీయవలెను. సేకరించిన పట్టికను బీరువాలో దాచుకొన్నవానికి రెండవమారు ఎవరును సమాధానము చెప్పరు.

ఎల్లిస్ మొదలు నేటి విద్యార్థి వరకు రెండు వందల సంవత్సరములకు మించిన ఈ కథలో, అడిగినవారి పేర్లు చరిత్ర కెక్కినవి. చెప్పినవారిలో చాలమంది పేర్లు ఎక్కలేదు. ఇకమీదనైనను ఆ లోపమును కొంత సవరించుకొనుటకు వీలున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల శ్రోతలలో ఉపాధ్యాయులు, విద్యార్థులు ఎందరో ఉందురు. ఇంటిలోని అవ్వను, తాతను కూర్చుండబెట్టుకొని, వ్యవసాయమునకో, వంటకో, పశువులకో సంబంధించిన మాటలు పదింటిని వ్రాసికొనుడు. ప్రక్కన చెప్పినవారి పేరు వ్రాయుడు. కన్నడము, తమిళము తెలిసిన పొరుగువారు ఆ మాటలను ఏమందురో అడిగి, దానిని కూడ చేర్చుడు. ఆ కాగితము ఏదో ఒకనాడు ఒక పరిశోధకుని ప్రశ్నకు సమాధానమగును.